మరుగుదొడ్డి ఘోష

కళాశాల వార్షిక సంచిక అనగానే విద్యార్థులు–క్రమశిక్షణ, గ్రంథాలయాల ఆవశ్యకత, వసంత శోభ వంటి విషయాలపై వ్యాసాలు వ్రాయుట మనకు అలవాటు. కుడినుండి తెరిస్తే ఉర్దూ గజల్, ఎడమనుండి తెరిస్తే తెలుగు వచన కవిత. ఈ రెంటి నడుమ మేము మా ఇంటి మరుగుదొడ్డిని తెచ్చి నిలుపుతున్నందుకు పాఠకులు మన్నింతురు గాక. ముక్కు మూసుకొనవలసిన పని లేదు. ఈ వ్యాసంలో వాసన తక్కువ, శబ్దం ఎక్కువ.

ఆ గదిని పేరు పెట్టి పిలుచుటకు మన రెండు భాషలూ ఎంతో మొగమాటపడినవి. తెలుగువారు 'మరుగు' అన్న మాటను ముందు తగిలించి దొడ్డిని దాచినారు. ఉర్దూ పెద్దలు 'బైతుల్‌ఖలా' అన్నారు. ఏకాంత గృహమని దాని భావం. పాయఖానా అన్న మాటను విడదీస్తే దొరికేది ఇంటి పాదం, అంతకుమించి ఏమీ లేదు. కర్నూలు పాతబస్తీలో హిందువులూ ముస్లిములూ సమానంగా వాడుకొనే 'సండాసు' ఒక్కటే కొంత ధైర్యం కలిగిన మాట. పేరు పలుకుటకే ఇంత సంకోచమున్నచోట, దానికి జబ్బు చేసినదని ఎవరితో చెప్పుకొందురు? వంటింటి పొయ్యి మంట తగ్గితే ఆ పూటే మనిషిని పిలిపిస్తారు. మరుగుదొడ్డి మూలిగితే మాత్రం ఇంటిల్లిపాదీ ఆ మూలుగును విననట్లు నటిస్తారు. మా వీధిలో ఇట్టి మూలుగు వినిపించని ఇల్లు లేదు. దానిని గురించి మాట్లాడిన ఇల్లు కూడా లేదు.

మా ఇల్లు తుంగభద్రకూ హంద్రికీ నడుమనున్న పాత పట్టణంలోనిది. 2009 అక్టోబరు మొదటి వారంలో ఆ రెండు నదులూ కలసి పట్టణం మీదికి వచ్చినప్పుడు క్రింది అంతస్తంతా బురదమయమైనది. ఆ బురద ఎత్తిపోసిన తరువాత జరిగిన మరమ్మతులలో, పెరటి మూలనున్న పాత సండాసు పోయి, ఇంటి లోపలనే, మోకాళ్లు అరిగిన మా అమ్మగారికి అనువుగా, కుర్చీవలె కూర్చొనుటకు వీలైన కమోడూ, దాని వెనుక గోడకు ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకూ వచ్చినవి. కొన్ని సంవత్సరాలు అది నోరెత్తలేదు. తరువాత మొదలైనది ఘోష.

అది ఒక్క శబ్దం కాదు. మీట నొక్కగానే పూర్వం ఒక్కసారిగా దూకే నీరు ఇప్పుడు పింగాణీ గోడవెంట నెమ్మదిగా జారి, గిన్నెలో సుడి తిరిగి, తీసికొని పోవలసినదానిని అక్కడే వదలిపెట్టి పోయేది. వెంటనే ట్యాంకు నిండుట ఆరంభం. రెండు నిమిషాలలో ముగిసే ఆ పనికి ఇప్పుడు పది నిమిషాలు; ఆ పది నిమిషాలూ ఒక సన్నని ఈల. మొదట దూరపు రైలు కూతవలె, పోనుపోను గొంతు జీరపోయిన షహనాయివలె. మూడవ శబ్దం అన్నిటికంటె విచిత్రమైనది. అర్ధరాత్రి దాటిన తరువాత, ఎవరూ లోపలికి పోకున్నా, ట్యాంకు తనంతట తానే ఉలిక్కిపడినట్లు బుస్సుమని లేచి, కొంతసేపు నీరు పట్టుకొని ఊరకుండేది. మళ్లీ కొంతసేపటికి బుస్సు. పిల్లలు దానికి గుంతకల్లు ప్యాసింజరని పేరు పెట్టినారు.

శబ్దమే కదా అని వదలివేయదగినది కాదని తెలిసినది ఒక వేసవిలో. మా అమ్మగారికి మూత్రంలో మంట, జ్వరం. పరీక్షించిన వైద్యుడు మందులు వ్రాసి, రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు త్రాగుతారని అడిగినాడు. ఆమె జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చొని, పిల్లలు వినకుండా చెప్పినది:

"మగ్రిబ్ తరువాత నేను నీళ్లు ముట్టను నాయనా. ముడితే రాత్రి లేవాల్సి వస్తుంది. ఆ మీట నొక్కితే ఇల్లంతా మేలుకుంటుంది, పిల్లలకు చూస్తే పరీక్షలు. పోనీ ఒకసారి నొక్కితే పోతుందా? రెండోసారి నొక్కాలంటే ట్యాంకు నిండేదాకా ఆ చీకట్లో నిలబడుకోవాలి. బకెట్టు ఎత్తి పోద్దామంటే నా చేతుల్లో ఆ బలం లేదు."

కర్నూలు వేసవి ఎట్టిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ వేసవిలో ఆమె ప్రొద్దుగూకినది మొదలు తెల్లవారుదాకా గొంతు తడుపుకొనక గడిపినది. వృద్ధ స్త్రీలు ఇట్లు నీళ్లు మానుకొనుట క్రొత్త కాదు. చెంబు పట్టుకొని చీకటి పడుటకై ఎదురుచూచిన తరం వారిది. పగలంతా ఆపుకొనుట, ఆపుకొనుటకై త్రాగకుండుట వారు బాల్యంలోనే నేర్చుకొన్న విద్య. ఇంటిలోనికి కమోడు వచ్చిన తరువాత కూడా ఆ విద్య అవసరపడుట మాకు సహించరానిదైనది. మరునాడే ట్యాంకు మూత తీసినాము.

మాకు తెలిసిన ప్లంబరు ఒకాయన వృద్ధుడు. ఆయన చేతిపెట్టె తెరువకముందే రెండు పరీక్షలు చేయిస్తాడు. నాడి చూడక మందు వేయరాదన్నది ఆయన పద్ధతి.

"ట్యాంకు మాట మరచిపోండి సార్. ముందు ఒక బకెట్టు నీళ్లు ఒకే ఊపున గిన్నెలో పోయండి. సర్రున పోయిందా, కింద దారి బాగుంది, తప్పు పైన ఉంది. పోసిన నీళ్లు అంచుదాకా లేచి నింపాదిగా దిగిందా, కింద అడ్డం ఉంది. అప్పుడు మీరు ట్యాంకును ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ."

మా ఇంటి గిన్నె బకెట్టు నీటిని సర్రున మింగినది. తప్పు పైననే ఉన్నది. ఈ ఒక్క బకెట్టు పోయకనే పట్టణంలో ఎన్ని ట్యాంకులు అనవసరంగా మారిపోతున్నవో!

రెండవది నీలిమందు పరీక్ష. తెల్లబట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, మీట ముట్టక అరగంట వేచియుండవలెను. గిన్నెలోని నీరు తెల్లగనే ఉంటే ట్యాంకు అడుగు వాషరు గట్టిగా కూర్చున్నదని అర్థం. నీలం దిగితే కారుతున్నదని. మా గిన్నె పావుగంటకే ఆకాశవర్ణం దాల్చినది. ఎంత కారుతున్నదో కూడా చూడదలచి, ట్యాంకులోనికి నీరు వచ్చే దారి కట్టివేసి, లోపలి గోడపై పెన్సిలుతో గీత గీచి, గంట గడిచిన తరువాత మళ్లీ గీచినాము. పది లీటర్ల ట్యాంకులో సగం ఖాళీ. గంటకు 5 లీటర్లు, రోజుకు 120. పన్నెండు లీటర్ల బిందెతో కొలిస్తే పది బిందెలు. వేసవిలో ట్యాంకరు వచ్చిన ఉదయం ఒక్క బిందె కోసం కొప్పులు పట్టుకొన్న తగవులు చూచిన వీధి మాది. ఆ వీధిలో, ఎవరికీ కనబడకుండా, ఎవరి దాహమూ తీర్చకుండా రోజుకు పది బిందెల నీరు పింగాణీ వెంట జారిపోతున్నది. అర్ధరాత్రి బుస్సుమను ప్యాసింజరు రహస్యం కూడా ఇదే. అడుగున కారి నీటిమట్టం తగ్గగానే తేలియాడే బాలు దిగుతుంది, బాలు దిగితే పై వాల్వు తెరచుకొంటుంది, నీరు వస్తుంది. పగలు కూడా అదే జరుగుతున్నది. వీధి రద్దీలో వినబడదు.

వాల్వు విప్పి అరచేతిలో పెట్టినాడు మేస్త్రి. దాని నోరు తెల్లగా గట్టిపడియున్నది. ఆయన గోటితో గీరి, "రాయి పట్టింది సార్" అన్నాడు. పండ్లకు పట్టు గారవంటిదే గాని అంతకంటె కఠినం. పెన్సిలు మొన దూరవలసిన రంధ్రంలో సూది కూడా కష్టంగా దూరినది. మిద్దెమీది ట్యాంకు నుండి వేగంగా దిగివచ్చే నీరు ఆ సూదిబెజ్జం గుండా దూరవలసి రావడంచేత వాల్వు వణికి ఈల వేస్తున్నది. అడుగు వాషరు క్రింద అదే రాయి రవ్వలై కూర్చున్నది, కనుక మూత పూర్తిగా మూసుకొనలేక కారుతున్నది. ఇక గిన్నె. గడ్డం గీచుకొను చిన్న అద్దాన్ని అంచు క్రిందికి పోనిచ్చి చూపినాడు. నీరు చిమ్ముటకు చుట్టూ వేసిన రంధ్రాలలో తెరచియున్నవి నాలుగైదు. తక్కినవన్నీ సున్నం పూసినట్లు మూసుకొని ఉన్నవి. గిన్నె శుభ్రపడుట నీటి పరిమాణం మీద కాక నీరు వచ్చిపడే వేగం మీద ఆధారపడియున్నది. పది లీటర్లూ ఒక్కసారి దూకితే లోపలిదానిని వంపు దాటించి నెట్టివేయును. అవే పది లీటర్లు జారుతూ వస్తే తడిపి పోవును, అంతే. మూడు శబ్దాలు, మూడు జబ్బులనుకొన్నాము. మూడింటికీ మూలం ఒక్క రాయి.

ఈ రాయి ఎక్కడిది? మన సీమలో బోరునీటిని ఉప్పునీళ్లు అంటారు. పప్పు ఉడకదు, సబ్బు నురుగు రాదు, స్నానం చేస్తే తల అట్టకడుతుంది, ఇస్త్రీపెట్టె అడుగు తెల్లబడుతుంది. మాట ఉప్పు అన్నా, ఈ అల్లరి చేసేది చాలవరకు ఉప్పు కాదు, సున్నం. కర్నూలునూ కడపనూ కలిపినవి రెండున్నవి. పైన, 1860వ దశకంలో ఒక ఆంగ్ల కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనుక్కొన్న కె.సి. కాలువ, క్రింద, సున్నపురాయి. బేతంచెర్ల బండ, దేశమంతటా వంటిళ్లలో పరచుకొన్న కడప బండ, ఎర్రగుంట్ల చుట్టుప్రక్కల సిమెంటు కర్మాగారాలు మ్రింగుతున్న రాయి, అన్నీ ఆ జాతివే. వాన చినుకు గాలిలోనూ మట్టిలోనూ బొగ్గుపులుసు గాలిని కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపుతో అది సున్నపురాయిని కరిగించుకొంటూ భూమిలోనికి దిగుతుంది. చూచుటకు నీరు తేటగానే ఉంటుంది. బోరు నుండి పైకి వచ్చి, గాలి తగిలి, ఆ పులుపు కోల్పోయినప్పుడు తాను మోసుకొని వచ్చిన రాయిని ఎక్కడ ఆగితే అక్కడ దించివేస్తుంది.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు విద్యార్థులు విహారయాత్రలు పోవుచుందురు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేర్కొన్న ఆ గుహలను 1982–83లో జర్మను అన్వేషకుడు డేనియల్ గెబౌర్ బృందం లోతుగా పరిశీలించినది. మొత్తం పొడవు 3,229 మీటర్లని లెక్క తేలినది. అక్కడ నీరు రాతిని కరిగించి సొరంగాలు తొలిచినది. మరల ఆ రాతినే బొట్టుబొట్టుగా దించి కప్పునుండి వ్రేలాడే శిలాధారలను కట్టినది. మనం టిక్కెట్టు కొని, తల యెత్తి, ఆహా అని చూచి వస్తాము. మా ఫ్లష్ ట్యాంకు వాల్వులో జరిగినది కూడా సరిగా అదే పని. గుహకు కాలం ఎక్కువ దొరికినది, మా ట్యాంకుకు తక్కువ. అంతకుమించి ఆ తెల్లని గారను అవమానించుటకు మాకు కారణం కనబడలేదు.

అయినను దానిని తీసివేయక తప్పదు. సున్నానికి శత్రువు పులుపు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినవారికి పులుపు శక్తి చెప్పనక్కరలేదు. ఇక్కడ మేము వాడినది కిరాణా అంగడిలో దొరికే నిమ్మ ఉప్పు. రెండు గుప్పెళ్లు గోరువెచ్చని నీటిలో కరిగించి, వాల్వునూ వాషరునూ అందులో వేయగానే సన్నని బుడగలు లేచినవి. వాన తెచ్చి రాతిలో దాచిన బొగ్గుపులుసు గాలి మరల బయటపడుట అది. పాత గుడ్డపీలికలను ఆ నీటిలో తడిపి, గిన్నె అంచు క్రింద రంధ్రాల కంటుకొనునట్లు కూరి, రాత్రంతా ఉంచి, తెల్లవారి రాగితీగతో ఒక్కొక్క రంధ్రాన్నీ పొడిచినాము. సలసల క్రాగే నీరు మాత్రం పోయరాదు, పింగాణీ చిట్లును. మరి వీధిలో సీసాలలో అమ్మే ఘాటైన యాసిడ్ పని త్వరగా చేయదా అని అడుగవచ్చును. చేయును; లోపలి లోహపు మరలను తినివేయుట కూడా త్వరగానే చేయును, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులనూ చంపును. అన్నిటికంటె ప్రమాదం, ఆ యాసిడ్ పోసినచోట శుభ్రతకని బ్లీచింగ్ పౌడరు కూడా చల్లుట. రెండూ కలిస్తే క్లోరిన్ పుట్టును. మూసిన చిన్నగదిలో అది ఊపిరితిత్తులకు విషం. రెండింటినీ ఒకే అలమరలో, ఒకదాని ప్రక్క ఒకటి పెట్టుకొన్న ఇండ్లు మేమెన్నో చూచినాము.

వాషరు ఒక్కటి క్రొత్తది వేసినాము. పాత వాల్వే నిమ్మ ఉప్పు స్నానం చేసి తిరిగి ఉద్యోగంలో చేరినది. ట్యాంకు రెండు నిమిషాలలో నిండి, నోరు మూసుకొన్నది. ఆ రాత్రి మేము మెలకువగా ఉండి విన్నాము. గుంతకల్లు ప్యాసింజరు రాలేదు. మా అమ్మగారి మంచం ప్రక్కన మూత పెట్టిన నీళ్లచెంబు మూడవనాటికి గాని చేరలేదు. యంత్రంకంటె అలవాటు నయమగుటకు కొంత ఎక్కువ కాలం పట్టును.

ఈ మరమ్మతు వల్ల మాకొక లెక్కల పిచ్చి పట్టుకొన్నది. పాత ప్రభుత్వ భవనాలలో, వసతిగృహాలలో, తలకెత్తున గోడకు బిగించిన ఇనుప తొట్టీ, దాని గొలుసూ పెద్దలకు గుర్తుండును. గొలుసు లాగి వదలితే లోపలి గంట ఆకారపు మూత ఎత్తబడి పడుట, ఆ ఊపుకు నీరు నడిమి గొట్టంలోనికి పొర్లుట, పీపా నుండి కిరసనాయిలును గొట్టంతో దింపినట్లు తొట్టి నీరంతా దానివెంట దిగిపోవుట, చివర గాలి చొరబడి పెద్ద గుటక వేసినట్లు ఆగుట. ఆ గర్జనకు ఖర్చు పన్నెండున్నర లీటర్లు. అనగా ఒక్కొక్క గర్జనకూ ఒక బిందె. వానలు సమృద్ధిగా కురిసే దేశంలో పుట్టిన యంత్రం అది. నీటికి లోటు లేని పట్టణాలకు తగినది. ఎండుభూములు ఎక్కువగా గల ఆస్ట్రేలియాలో 1980లో బ్రూస్ థామ్సన్ అనునతడు కరోమా కంపెనీకై రెండు మీటల ట్యాంకును రూపొందించినాడు. చిన్న పనికి సగం నీరు, పెద్ద పనికి పూర్తి నీరు. ఈనాడు మన అంగళ్లలో దొరికే మూడు, ఆరు లీటర్ల ట్యాంకులు ఆ వంశంలోనివే. మన దేశంలో 1970లో బీహారులో సులభ్ ఉద్యమం ప్రారంభించిన బిందేశ్వర్ పాఠక్ ఇంకా ముందుకు పోయినాడు. గిన్నె వాలును నిట్రముగా చేసి, వంపులో నిలిచే నీటిని తగ్గించి, ఒకటిన్నర, రెండు లీటర్లతో, చేతిచెంబుతో పోసినా శుభ్రపడునట్లు చేసినాడు. అందులో మ్రోగే వాల్వు లేదు, కారే వాషరు లేదు, రాయి పట్టుటకు బెజ్జం లేదు. రాయలసీమకు అసలైన కమోడు అదియే అని మా అభిప్రాయం. మోకాళ్లు సహకరించిన నాళ్లలో మా అమ్మగారి అభిప్రాయం కూడా అదే.

మా ఇంటి గొడవ చల్లారిన సంగతి తెలిసి కడప నుండి మా చెల్లెలు ఫోను చేసినది. వారి ఇంటి జబ్బు వేరు. పై అంతస్తులో ఎవరైనా ఫ్లష్ నొక్కితే క్రింది స్నానాలగది జాలీలో నుండి హుక్కా పీల్చినట్లు గుడగుడలు, వెంట దుర్గంధం. క్రింది కమోడులో నీరు పోసినదంతా ఒక క్షణం పైకి లేచి, ఆలోచించి, దిగుతున్నదట. మా బావగారు సెప్టిక్ ట్యాంకు నిండినదని తీర్మానించి, మరునాటికి ఒక మనిషిని మాట్లాడినారు. మూత ఎత్తి, నిచ్చెన వేసి, లోపలికి దిగి తోడుటకు.

ఆ మాట విని మేము ఆ రాత్రి బస్సుకే బయలుదేరినాము. సెప్టిక్ ట్యాంకులో పుట్టే వాయువులలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఒకటి. కొంచెముగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన కొట్టును. ఎక్కువైనప్పుడు ముక్కునే మొద్దుబార్చును, కనుక దిగినవాడు వాసన పోయినదనుకొని ఇంకొక మెట్టు దిగును. ముందు దిగినవాడు పడిపోతే, వానిని పైకి లాగుటకు దిగినవాడు కూడా పడిపోవుట వార్తాపత్రికలలో మరల మరల చదువుచున్నాము. పొడి పాయఖానాలను నిషేధించిన చట్టం 1993లో వచ్చినది. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోనికీ మురుగు కాలువలోనికీ దించుట నేరమని 2013 నాటి చట్టం చెప్పినది. కోలారు బంగారు గనుల పట్టణంలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టి, 2016లో మెగసెసే పురస్కారం పొందిన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో, ఇట్లు మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు చెల్లించవలెనని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పినది. 2023 అక్టోబరులో మరొక వ్యాజ్యంలో ఆ మొత్తాన్ని ముప్పది లక్షలు చేసినది. చట్టం చేరినంత త్వరగా ఆ సంగతి గృహస్థుల చెవికి చేరలేదు. మా బావగారు దుర్మార్గులు కారు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, పొరుగువారి ఆకలి ఎరిగినవారు. "ఎప్పటినుండో ఇట్లే చేస్తున్నారు కదా" అన్నదొకటే ఆయన వాదం.

ఉదయం మేము చేరేసరికి ఆ మనిషి గుమ్మం ముందు కూర్చొని ఉన్నాడు. పాతికేళ్లు దాటని కుర్రవాడు, వెంట తాడు, బకెట్టు, ఒక పాత చొక్కా. ఆయనను టీ త్రాగుచుండుమని చెప్పి, బకెట్టు పరీక్ష చేసినాము. నీరు అంచుదాకా లేచినది, కాని ఆగిపోలేదు. తరువాత సెప్టిక్ ట్యాంకు మూతను దూరముగా నిలిచి తీయించి, పొడవాటి కర్రతో చూచినాము, ఇంకను చోటున్నది. ట్యాంకు నిండలేదు. అట్లయిన గుడగుడలకు కారణమేమి?

కమోడు క్రింది వంపులో ఎల్లప్పుడూ కొంత నీరు నిలిచియుండి, మురుగు వాయువు ఇంటిలోనికి రాకుండా అడ్డుపడును. 1775లో లండనులో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు ఆ వంపు గొట్టానికి పేటెంటు పొందినాడు. తేలికైన ఉపాయం, కాని ఆ నీరు అక్కడ నిలువవలెనన్న దాని వెనుక గొట్టంలో గాలి ఆడవలెను. పై అంతస్తు నుండి నీరు దిగునప్పుడు తన ముందున్న గాలిని నెట్టును, తన వెనుక గాలిని లాగును. ఆ గాలి వచ్చిపోవుటకే మిద్దెమీదికి ఒక గొట్టం లేపుతారు. అది మూసుకొనిపోతే, నీరు తనకు కావలసిన గాలిని దగ్గరలోనున్న వంపులలో నుండి గుడగుడమని లాగుకొనును. వంపులోని నీరు పోవును. దుర్గంధం లోపలికి వచ్చును.

మిద్దె ఎక్కింది ఆ కుర్రవాడే. "నేను చూస్తా ఉండండన్నా" అని చకచక నిచ్చెన ఎక్కినాడు. గొట్టం మీద జాలీ మూత లేదు. అందులో గోరువంకలు వేపపుల్లలు, ప్లాస్టిక్ దారాలు, ఒక నీలిరంగు రిబ్బను ముక్క చేర్చి, మూరెడు లోతున గట్టి గూడు కట్టుకొన్నవి. ఇనుపతీగ వంచి ఆయన దానిని బయటికి లాగుచుండగా మా చెల్లెలు క్రింద నిలిచి గుడ్లున్నవేమో చూడమని కేకలు వేయుచున్నది. గూడు రాగానే క్రింద స్నానాలగదిలో ఒక దీర్ఘమైన నిట్టూర్పు వినబడినది. పైన ఫ్లష్ నొక్కి చూచినాము. క్రింద చప్పుడు లేదు.

ఆ కుర్రవానికి ట్యాంకు తోడుటకు మాట్లాడుకొన్న కూలి పూర్తిగా ఇప్పించినాము. మా బావగారు బేరమాడలేదు. కొత్త జాలీ మూత కూడా ఆయన చేతనే బిగింపించినాము. పోవునప్పుడు ఆయన మమ్ములనొక ప్రశ్న అడిగినాడు: "ముందు మిద్దె మీద చూడాలని ఎవరూ చెప్పరేమన్నా?" ట్యాంకు నిజంగా నిండిన నాడు పురపాలక సంఘం వారి గొట్టపు బండిని పిలుచుటకు, మనిషిని దింపకుండుటకు మా బావగారు ఒప్పుకొన్నారు; ఆ బండి నంబరును మా చెల్లెలు వంటింటి గోడ మీద, పాలవాని లెక్క ప్రక్కన, బొగ్గుతో వ్రాసి ఉంచినది.

గూటిలో గుడ్లు లేవు. ఉండియుంటే ఆమె ఇంకొక నెల ఆ గుడగుడలను భరించియుండునే గాని గూడు తీయనిచ్చియుండదు.